అరుస్తా అరుస్తా ఎట్ల ఇంటాది?

కళ్యాణదుర్గం దాటి రాయదుర్గం వైపు పోయే దారిలో మా చిన్నాయనకు నాలుగెకరాల చీనీతోట ఉంది. ఊరికీ బోరుకూ మధ్య రెండు కిలోమీటర్లు. పొలాలకు కరెంటు అర్ధరాత్రి ఇచ్చే రోజుల్లో ఆయన ఒక చేత టార్చిలైటు, ఇంకో చేత కట్టె పట్టుకుని, పాము అలికిడి వింటూ నడిచి వెళ్ళి మోటారు వేసి వచ్చేవాడు. ఆ తర్వాత మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. మోటారు స్టార్టర్ పక్కన ఒక చిన్న పెట్టె, అందులో ఒక సిమ్ కార్డు. ఇంట్లో మంచం మీద నుంచే ఆ నంబరుకు ఫోన్ చేసి 1 నొక్కితే మోటారు ఎత్తుకుంటుంది. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో కూడా పెట్టె తిరిగి చెబుతుంది.

దాన్ని బిగించిన రోజు చిన్నాయన పెట్టె నెత్తిన ఉన్న చిటికెన వేలంత యాంటెన్నాను తట్టి చూశాడు.

"ఏమిరా, దీనికి నోరూ ఇదే, చెవీ ఇదేనా?"

"అవును చిన్నాయనా."

"మరి అది మాట్లాడేటప్పుడు దాని గొంతు దానికే కొట్టుకోదా? అరుస్తా అరుస్తా ఎట్ల ఇంటాది?"

నాలుగేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివాను. ఈ ప్రశ్నను ఇంత సూటిగా పరీక్ష పేపర్లో కూడా ఎవరూ అడగలేదు. మొబైల్ రేడియో తయారుచేసేవాళ్ళను మొదటి నుంచీ సతాయిస్తున్న సమస్య ఇదే. దూరానికి మాట పంపడం పెద్ద విద్య కాదు, శక్తి పెంచితే మాట పోతుంది. అవతలి వాడి గుసగుసను మన అరుపు మింగేయకుండా చూసుకోవడమే కష్టం.

ఎంత కష్టమో ఒక లెక్క చూడండి. టవర్ మీది రేడియో 20 వాట్లతో పంపుతోందనుకుందాం. ఇంట్లో వెలిగే రెండు ఎల్‌ఈడీ బల్బుల పాటి శక్తి, అంతే. అదే టవర్‌కు కొన్ని కిలోమీటర్ల అవతల చీనీచెట్ల మధ్య నుంచి పెట్టె పలికిన మాట ఎంత బలంతో చేరుతుంది? ఒక వాట్‌ను లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్ళీ పది చేయండి. అలాంటి ఒక్క తునక చేరినా టవర్ అర్థం చేసుకోగలదు. తాను పలికేదానికీ తాను వినాల్సినదానికీ మధ్య తేడా రెండు కోట్ల కోట్ల రెట్లు. జాతరలో ఉరుము మెడకు తగిలించుకుని వాయిస్తున్న మనిషికి, ఊరి చివర ఎవరో ఎవరి చెవిలోనో చెప్పిన మాట వినబడాలన్నట్టు. ఇన్ని సున్నాలు రాయలేక ఇంజనీర్లు డెసిబెల్ అనే కొలత పెట్టుకున్నారు. ప్రతి పది డెసిబెళ్ళకూ ఒక సున్నా చేరుతుంది. పై లెక్క వాళ్ళ భాషలో 143 డెసిబెళ్ళు.

ఈ అరుపు రెండు రకాలుగా చెరుపు చేస్తుంది. మొదటిది అందరికీ తట్టేదే. రాత్రి రోడ్డు మీద ఎదురుగా లారీ హెడ్‌లైట్లు పడితే పక్కనే నడిచిపోతున్న మనిషి కనబడడు. రిసీవర్‌లోని సున్నితమైన ఆంప్లిఫయర్‌కూ అంతే, సొంత ట్రాన్స్‌మిటర్ శక్తిలో కొంచెం దూరినా కళ్ళు బైర్లు కమ్ముతాయి. రెండోది కాస్త దొంగదెబ్బ. ఏ ట్రాన్స్‌మిటరూ తనకిచ్చిన ఫ్రీక్వెన్సీలో మాత్రమే శుభ్రంగా పలకదు. దాని చుట్టూ సన్నటి రొద ఒకటి పొట్టులా రేగుతూ ఉంటుంది. కళ్ళంలో వేరుశనగ తూర్పారబడితే పొట్టు పక్కవాడి కళ్ళంలో పడ్డట్టు, ఆ రొద వెళ్ళి వినే ఫ్రీక్వెన్సీ మీద పడుతుంది. పడ్డాక చేయగలిగింది లేదు, వినాల్సిన మాటా ఆ పొట్టూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటాయి కాబట్టి రిసీవర్ దగ్గర ఏ జల్లెడ పెట్టినా వేరుపడవు. పొట్టును లేచినచోటే ఆపాలి. అందువల్ల చెవి దగ్గర ఒక్క అడ్డం కడితే చాలదు, నోటి దగ్గరా ఒకటి కావాలి.

మరి మా చిన్నాయన పెట్టె ఏం చేస్తుంది? అది పాత 2జీ రకం. నిజం చెప్పాలంటే అది అరుస్తూ వినదు. జీఎస్‌ఎమ్ పద్ధతిలో కాలాన్ని 4.615 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను మళ్ళీ ఎనిమిది వంతులు చేశారు. ఫోన్‌కు వినడానికి ఒక వంతు, అది మొదలైన మూడు వంతులకు పలకడానికి ఒక వంతు. రెండూ ఎప్పుడూ ఒకేసారి పడవు. యాంటెన్నా కింద ఒక చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్ కూర్చుని, ఒకసారి చెవివైపు, ఒకసారి నోటివైపు కలుపుతూ ఉంటుంది.

"అరుస్తా ఇనదు చిన్నాయనా. అరిచి, నోరు మూసుకుని, ఇంటాది. సెకనుకు రెండు వందల సార్లకు పైన."

"అయితే మన ఊర్లో మనుషులకంటే నయమే" అని ఆయన మోటారు వేశాడు.

వంతులు వేసుకునే ఈ పద్ధతి ఫోన్‌లతో పుట్టింది కాదు. తొలి రాడార్లకు పంపడానికొక యాంటెన్నా, ప్రతిధ్వని వినడానికి దూరంగా ఇంకో యాంటెన్నా ఉండేవి. ఓడ మీద రెండింటికి చోటు ఉండదు. 1936లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో రాబర్ట్ పేజ్, లియో యంగ్ ఒకే యాంటెన్నాతో రెండు పనులూ చేయించే ఏర్పాటు కనిపెట్టారు. దానికి పెట్టిన పేరే డూప్లెక్సర్. మన రాయలసీమలోనే దాని పెద్దన్నను చూడవచ్చు. తిరుపతి దగ్గర గాదంకిలో, చుట్టూ గుట్టలున్న లోయలో, జాతీయ వాతావరణ పరిశోధనశాల వారి ఎమ్‌ఎస్‌టీ రాడార్ ఉంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేల మీద 1024 యాంటెన్నాలు. మొదట కట్టినప్పుడు 32 ట్రాన్స్‌మిటర్లు కలిసి 53 మెగాహెర్ట్జ్ దగ్గర రెండున్నర మెగావాట్ల శక్తిని ఒక్క క్షణం ఆకాశంలోకి విసిరి ఆగేవి. పైన గాలి సుడుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని ఉందా లేదా అన్నంత పలచగా ఉంటుంది. 15 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది రావడానికి పట్టేది సెకనులో పదివేలో వంతు. అంతలో అరుపు ఆగి, స్విచ్ తిరిగి, చెవి తేరుకోవాలి. మరీ కింది గాలి నుంచి వచ్చే ప్రతిధ్వని అంతకంటే ముందే వచ్చేస్తుంది, అప్పటికి చెవి ఇంకా తెరుచుకోదు. నెత్తిమీది కొన్ని కిలోమీటర్ల గాలి ఆ మహా యంత్రానికి సరిగా వినబడకపోవడానికి ఇదొక కారణం. ఆ పని కోసం అక్కడే చిన్న ప్రొఫైలర్ ఒకటి వేరే పెట్టుకున్నారు.

ఫోన్ నోరు మూసుకోగలదు, రాడార్ మూసుకోగలదు. ఊరి టవర్ మాత్రం మూసుకోలేదు. ఒకరి వంతు అయితే ఇంకొకరిది, ఎవరూ మాట్లాడకపోయినా 'నేనిక్కడున్నాను' అని ప్రకటించుకోవడం, ఇలా జీఎస్‌ఎమ్ టవర్ రాత్రింబవళ్ళు పలుకుతూనే ఉంటుంది. ఆ పలుకుడు మధ్యలోనే పదుల ఫోన్‌ల గుసగుసలు వినాలి. చిన్నాయన అడిగిన ప్రశ్న అసలు తగలాల్సింది పెట్టెకు కాదు, ఆ టవర్‌కు.

టవర్‌కు ఉన్న దారి ఫ్రీక్వెన్సీలు పంచుకోవడం. 900 జీఎస్‌ఎమ్‌లో ఫోన్‌లు 890 నుంచి 915 మెగాహెర్ట్జ్ వరకు పలుకుతాయి, టవర్ 935 నుంచి 960 వరకు పలుకుతుంది. ప్రతి జంటకూ మధ్య ఎడం సరిగ్గా 45. రెండు పట్టీల నడుమ బీడుగా వదిలింది 20 మెగాహెర్ట్జ్. ఈ ఎడాన్ని నమ్ముకుని, ఒకే యాంటెన్నాకు రెండు ఫిల్టర్లు తగిలిస్తారు. ఒకటి పై పట్టీని మాత్రమే దాటనిస్తుంది, అది నోటి దారి. రెండోది కింది పట్టీని మాత్రమే దాటనిస్తుంది, అది చెవి దారి. ఈ జంటే టవర్ డూప్లెక్సర్. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) చీలేచోట ఏ తూముకు ఎన్ని నీళ్ళో చూసుకునే లస్కరు పని దానిది, తేడా ఏమిటంటే ఈ లస్కరు రెండు తూములూ ఒకేసారి తెరిచే ఉంచుతాడు. కొలతల విషయంలో ఒక మెలిక ఉంది. చీలిక నుంచి ఒక్కో ఫిల్టర్ వరకు తీగ పొడవు ఎలా పెడతారంటే, ఒక దారి ఫ్రీక్వెన్సీకి రెండో దారి అసలు లేనట్టే, అక్కడ గోడ ఉన్నట్టే అనిపించాలి.

అలాంటి డూప్లెక్సర్‌ను నేను చేత్తో పట్టుకున్నది అనంతపురంలో పాత సామాన్ల కొట్లో. కుళ్ళిన కూలర్లు, రాగి తీసేసిన మోటారు గుల్లల మధ్య ఒక అల్యూమినియం దిమ్మ పడి ఉంది. రెండు ఇటుకలంత ఉంటుంది. పైన మూత నిండా వరసగా స్క్రూలు, ఒక్కో స్క్రూకూ ఒక నట్టు, నట్టు మీద ఎర్ర రంగు చుక్క. కొట్టాయనకు అది కిలోల లెక్కన అల్యూమినియం. నేను తూకం వేయించి కొన్నాను. మూత విప్పితే లోపల గోతులు, ఒక్కో గోతి మధ్యలో నిలువుగా ఒక బొడిపె. లోపలంతా నల్లబడి ఉంది. గుడ్డతో రుద్దితే వెండి మెరిసింది.

ఖాళీ బిందె అంచు దగ్గర నోరు పెట్టి ఊదితే అది ఒకే ఒక్క స్వరం పలుకుతుంది. కొళాయి కింద నిండుతున్న బిందె స్వరం అంతకంతకూ పైకి పోతుంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు వాకిట్లో కూర్చునే, చప్పుడు విని, పెరట్లో బిందె నిండిందని లేస్తారు. ఆ దిమ్మలోని ఒక్కో గోతీ రేడియో తరంగానికి అలాంటి బిందె. దానికి నచ్చిన ఫ్రీక్వెన్సీ వస్తే అనునాదంతో ఊగి పక్క గోతికి అందిస్తుంది, నచ్చనిది వస్తే పట్టించుకోదు. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు ఎనిమిది సెంటీమీటర్లు. గోతిలో నిలబెట్టిన బొడిపె ఆ లెక్క మీద పుట్టిందే, పై నుంచి దిగే స్క్రూ వల్ల దాన్ని ఇంకా పొట్టి చేయవచ్చు. స్క్రూ లోపలికి దిగితే గోతి స్వరం కిందికి దిగుతుంది. ఒక్క గోతి వడపోత అంత పదును ఉండదు. ఐదారు గోతులు ఒకదానికొకటి అందించుకుంటూ పోతే, అవతలి పట్టీ నుంచి దూరేది పది కోట్లలో ఒక వంతుకు, అంటే 80 డెసిబెళ్ళకు, తగ్గిపోతుంది. మిగిలిన దూరం ఫ్రీక్వెన్సీల తేడా వల్లా, రిసీవర్ లోపలి వడపోతల వల్లా పూడుతుంది.

వెండి ఎందుకు? ఈ ఫ్రీక్వెన్సీల్లో కరెంటు లోహం లోపలికి పోదు, పైపొరలో రెండు మైక్రాన్ల మందంలోనే పారుతుంది. దిమ్మ ఏ లోహమైతేనేం, పై పూత మంచి వాహకమైతే చాలు. పూత సరిగా లేకపోతే బిందె మొద్దుబారి, తీసుకోవాల్సినదాన్ని కూడా కొంత తినేస్తుంది. ఆ ఎర్ర చుక్కల సంగతి కూడా చెప్పాలి. కొలతలు ఎంత కచ్చితంగా కోసినా చివర్లో ఒక మనిషి తెర మీద గీతను చూస్తూ, స్క్రూడ్రైవర్‌తో ఒక్కో స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ శ్రుతి చేస్తాడు. ఒక గోతిని కదిలిస్తే పక్క గోతి కదులుతుంది, మళ్ళీ మొదటికి రావాలి. వీణకు మెట్లు వేసే పనివాడి ఓపిక అది. పని అయ్యాక రంగు చుక్క పెట్టేది 'ఇక దీన్ని ముట్టుకోవద్దు' అని చెప్పడానికే. నేను మాత్రం ముట్టుకోకుండా ఉండలేకపోయాను. ఆ దిమ్మ ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఉండడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మన ఎండ దీనికి పెద్ద శత్రువు. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు పెరుగుతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలున్న దిమ్మ, మే మధ్యాహ్నం ఎండలో తన వేడి కూడా కలుపుకుని 65కు చేరిందనుకోండి. ఆ 50 డిగ్రీలకు బిందె కాస్త పెద్దదవుతుంది, స్వరం దాదాపు ఒక మెగాహెర్ట్జ్ దిగుతుంది. జీఎస్‌ఎమ్ చానెల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్, అంటే ఐదు చానెళ్ళ దూరం జరిగిపోయినట్టే. అంచున ఉన్నవాడి మాట గోడకు తగులుతుంది. అందుకే బొడిపెనో స్క్రూనో వేడికి దాదాపు పెరగని ఇన్వార్ అనే ఇనుము-నికెల్ మిశ్రమంతో చేస్తారు, లేదా ఒక లోహం పెరుగుదలను ఇంకొకటి సరిచేసేలా జత కలుపుతారు. ఇన్వార్‌ను షార్ల్ గియోమ్ 1896లో కనిపెట్టాడు. కొలబద్దల కోసం వెతుకుతూ దొరికించుకున్న ఆ లోహానికి ఆయనకు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పుడు కొందరు ముఖం చిట్లించారట గానీ, అనంతపురం ఎండలో నిలబడి ఆలోచిస్తే నాకు మాత్రం ఆ బహుమతి సబబుగానే తోస్తుంది.

సొంత అరుపును ఆపుకున్నా పక్కింటివాడి అరుపు ఉండనే ఉంటుంది. మన దేశంలో ఇది ఒక వింత తగవుగా వచ్చింది. 2003లో 501 రూపాయలకు చేతికొచ్చిన రిలయన్స్ ఫోన్‌లు, పల్లెల్లో ఇళ్ళ మీద చిన్న చిన్న యాంటెన్నాలతో నడిచిన బీఎస్‌ఎన్‌ఎల్ డబ్ల్యూఎల్‌ఎల్ ఫోన్‌లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అవి సీడీఎంఏ పద్ధతివి. ఆ టవర్లు పలికే పట్టీ 869 నుంచి 889 మెగాహెర్ట్జ్ వరకు. జీఎస్‌ఎమ్ టవర్లు వినడం మొదలుపెట్టేది 890 దగ్గర. అమెరికా పద్ధతిలో పుట్టింది ఒకటి, ఐరోపా పద్ధతిలో పుట్టింది ఇంకొకటి, రెండింటినీ ఒకే దేశంలోకి తెచ్చుకున్నందుకు ఒకరి నోరు ఇంకొకరి చెవి పక్కనే పడింది. రెండు టవర్లూ ఒకే మేడ మీద ఉన్నచోట జీఎస్‌ఎమ్ టవర్‌కు దూరపు ఫోన్‌లు వినబడకుండా పోయేవి. మందు పాతదే. పలికేవాడు తన పొట్టు గట్టు దాటకుండా అంచున పదునైన ఫిల్టర్ పెట్టుకోవాలి, వినేవాడు పక్కింటి హెడ్‌లైటు కళ్ళలో పడకుండా తనొకటి పెట్టుకోవాలి, యాంటెన్నాలను ఎడం జరపాలి. ఐరోపాలో జీఎస్‌ఎమ్‌కు తర్వాత కలిపిన 880 నుంచి 890 ముక్కను ఆ రోజుల్లో మన దగ్గర వాడుకోలేకపోవడానికీ ఈ పొత్తే కారణం. పొలం గట్ల తగాదాలు చూసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ కనబడదు.

ఇంకో రకం దూరుడు ఉంది, దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. ఒకే టవర్ మీద నుంచి 936, 958 మెగాహెర్ట్జ్‌లలో రెండు సంకేతాలు పోతున్నాయనుకోండి. దారిలో ఎక్కడో ఒక కనెక్టర్ వదులైంది, లేదా యాంటెన్నా ఎదురుగా ఒక తుప్పు పట్టిన బోల్టు ఉంది. లోహం లోహానికి సరిగా ఆననిచోట ఆ రెండూ కలిసి కొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తాయి. మొదటిదాని రెట్టింపులోంచి రెండోదాన్ని తీసేయండి, 1872లో 958 పోతే 914. అది సరిగ్గా వినే పట్టీలో పడింది! డూప్లెక్సర్ దాన్ని గౌరవంగా లోపలికి పంపుతుంది, ఎందుకంటే అది సరైన ఫ్రీక్వెన్సీలో, యాంటెన్నా వైపు నుంచే వస్తోంది. దీన్ని తుప్పు బోల్టు జబ్బు అని పిలుస్తారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే మన నేలలో సముద్ర తీరంలోలా తుప్పు పట్టదు, కరువు చేసిన ఒకే ఒక్క మేలు అనుకోవచ్చు. అయితే పగలు కాగి రాత్రి చల్లారే లోహం కనెక్టర్లను నెమ్మదిగా వదులు చేస్తుంది. బిగింపు చూసే స్పానర్ ఎంత ముఖ్యమో టవరెక్కే కుర్రాళ్ళకు తెలుసు.

ఇంతదాకా చెప్పింది రెండు ఇటుకలంత దిమ్మ గురించి. 3జీ, 4జీ వచ్చాక ఫోన్‌కూ ఆ కష్టం వచ్చిపడింది. జంట పట్టీల మీద నడిచే 4జీలో ఫోన్ ఒకేసారి పలుకుతుంది, వింటుంది. ఇక స్విచ్ చాలదు, జేబులోనూ డూప్లెక్సర్ కావాలి. ఎనిమిది సెంటీమీటర్ల బొడిపెను జేబులో ఎలా పెడతారు?

ఇక్కడ చేసిన ఉపాయం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముద్దొచ్చేది. తరంగాన్ని పొట్టి చేయాలంటే దాన్ని నెమ్మదిగా నడిపించాలి. రేడియో తరంగం వెలుతురు వేగంతో పోతుంది. అదే కంపనాన్ని రాతిలో కదలికగా మార్చితే సెకనుకు నాలుగు కిలోమీటర్ల లోపే నడుస్తుంది. అంటే 33 సెంటీమీటర్ల తరంగం నాలుగు మైక్రాన్లకు కుదించుకుపోతుంది. మార్చేది ఎలా? వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కినప్పుడు నిప్పురవ్వ రాలుతుంది కదా, లోపలి స్ఫటికం మీద ఒత్తిడి పడి కరెంటు పుట్టడమే అది. ఈ గుణాన్ని క్యూరీ సోదరులు 1880లో చూపారు. తిరగేస్తే, కరెంటు ఇస్తే స్ఫటికం కదులుతుంది. లిథియం టాంటలేట్ లాంటి స్ఫటికపు బిళ్ళ మీద రెండు దువ్వెనల పళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు సన్నటి లోహపు గీతలు గీస్తారు. ఒక్కో పన్ను వెడల్పు మైక్రాన్ చుట్టూ ఉంటుంది. దువ్వెనకు రేడియో సంకేతం ఇస్తే బిళ్ళ మీద సన్నటి అల లేచి పాకుతుంది, పళ్ళ ఎడానికి సరిపోయే అల నిలుస్తుంది, సరిపోనిది చస్తుంది. అల మళ్ళీ ఇంకో దువ్వెన దగ్గర కరెంటవుతుంది. గట్టి వస్తువు పైపొర మీద ఇలాంటి అలలు పాకుతాయని లార్డ్ రేలీ 1885లోనే లెక్క కట్టాడు. ఆయన మనసులో ఉన్నవి భూకంపాలు. ఆ దువ్వెనల జతను 1965లో అమెరికాలో వైట్, వోల్ట్‌మర్ చేసి చూపారు. ఈ రోజు మీరు ఫోన్‌లో 'హలో' అన్న ప్రతిసారీ మీ చేతిలో ఒక చిటికెడు భూకంపం పుట్టి, జల్లెడపట్టి, చల్లారుతోంది. ఒక్కో ఫోన్‌లో ఇలాంటి జల్లెడలు పదుల సంఖ్యలో ఉంటాయి, ఒక్కో పట్టీకి ఒక్కో జత.

ఫ్రీక్వెన్సీ పెరిగితే పళ్ళు మరీ సన్నబడి గీయడం కష్టమవుతుంది. అప్పుడు అలను పైపొర మీద కాక, అల్యూమినియం నైట్రైడ్ పలక మందంలోనే కింద నుంచి పైకి కొట్టుకునేలా చేస్తారు. రిచ్ రూబీ బృందం అమెరికాలో ఏళ్ళ తరబడి పట్టువదలక చేసిన పని ఇది, 2000 తర్వాత ఆ డూప్లెక్సర్లు ఫోన్లలోకి వచ్చాయి. పట్టీల మధ్య బీడు తగ్గినా కష్టమే. 700 మెగాహెర్ట్జ్ పట్టీలో ఫోన్ పలికేది 748తో ముగుస్తుంది, టవర్ పలికేది 758 దగ్గర మొదలవుతుంది, మధ్యలో పదే. అంత వెడల్పు పట్టీకి అంత ఇరుకు గట్టు ఒక్క జల్లెడతో కుదరక, పట్టీని రెండు ముక్కలు చేసి ఫోన్‌లో రెండు డూప్లెక్సర్లు పెట్టిన తయారీదార్లున్నారు.

ఊరికే వచ్చేది ఏదీ లేదు. జల్లెడ సన్నదైతే మంచి గింజలూ కొన్ని పోతాయి. ఫోన్ డూప్లెక్సర్ రెండు డెసిబెళ్ళు తింటుందంటే, పంపే శక్తిలో మూడో వంతుకు పైగా యాంటెన్నాకు చేరకముందే వేడిగా పోతుంది. బ్యాటరీ మీద పడే ఆ భారం ఎవరికీ కనబడదు. ఇక వినే వైపు తిన్నదంతా, ముందే పలచగా ఉన్న మాటను ఇంకా పలచన చేస్తుంది.

అందుకే కొందరు తిరిగి వంతుల పద్ధతికే వెళ్ళారు. జియో 2300 మెగాహెర్ట్జ్‌లో నడిపే 4జీ, ఇప్పుడు 3300 పైన నడుస్తున్న 5జీ ఒకే పట్టీ మీద పలకడం, వినడం వంతులేసుకుంటాయి. జంట పట్టీ అక్కర్లేదు, డూప్లెక్సర్ అక్కర్లేదు. దానికి బదులు ఇంకో తిప్పలు. కిలోమీటరు దాటడానికి తరంగానికి 3.3 మైక్రోసెకన్లు పడుతుంది, కాబట్టి పలుకు ముగించి వినడం మొదలుపెట్టే ముందు టవర్ కొంత మౌనం పాటించాలి. ఆ మౌనం ఎంతసేపైతే సెల్ అంత దూరం పరుచుకోగలదు. మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం పల్లెల కోసం చేసిన కార్‌డెక్ట్ కూడా వంతుల పద్ధతే, దాన్ని పది కిలోమీటర్ల దూరానికి సాగదీయడంలో ఈ సమయపు లెక్కలతోనే కుస్తీపట్టాల్సి వచ్చింది. రెండోది, చుట్టుపక్కల టవర్లన్నీ ఒకే తాళంలో ఉండాలి. ఉరుముల జట్టులో ఒకడు తాళం తప్పితే పక్కవాడికి కూడా చెడుతుంది. ఒక్క టవర్ గడియారం జరిగితే, మిగతావి చెవులు తెరిచిన క్షణంలోనే అది అరుస్తుంది. ఆ తాళం వేసేది చాలాచోట్ల జీపీఎస్ ఉపగ్రహాలు.

ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే క్షణంలో అరుస్తూ వినడం? నేను ఏం అరిచానో నాకు తెలుసు కదా, విన్నదాంట్లోంచి దాన్ని తీసివేస్తే మిగిలేది ఎదుటివాడి మాటే. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో సచిన్ కట్టి, దినేశ్ భరాడియా వాళ్ళు సొంత అరుపును 110 డెసిబెళ్ళ వరకు ఇలా తీసేసి చూపారు. మద్రాసు ఐఐటీలో చదివి కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న హరీశ్ కృష్ణస్వామి బృందం, అయస్కాంతం లేకుండా నోటినీ చెవినీ వేరుచేసే సర్క్యులేటర్‌ను 2016లో సిలికాన్ చిప్ మీదకు తెచ్చింది. గోడకు, చెట్టుకు, పక్కన నడిచే ఎద్దుకు తగిలి తిరిగొచ్చే సొంత ప్రతిధ్వని క్షణక్షణం మారుతుంది, దాన్ని వెంబడిస్తూ తీసివేత లెక్క చేస్తూనే ఉండాలి. జేబులోకి రావడానికి ఇంకా అదే అడ్డు.

కిందటి ఎండాకాలం చిన్నాయన పాత పెట్టె చెడిపోతే కొత్త 4జీ పెట్టె పెట్టించాడు. ఇప్పుడది నిజంగానే అరుస్తూ వింటుంది. కానీ రెండు వారాలకే ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం పూట పలకడం లేదట, పొద్దువాలితే పలుకుతోందట. వెళ్ళి చూస్తే పెట్టె రేకు మీద ఎండ నిలువునా పడుతోంది, చేయి పెట్టలేనంత కాలుతోంది. స్ఫటికపు జల్లెడలు కూడా వేడికి జరుగుతాయి, 850 మెగాహెర్ట్జ్ దగ్గర 40 డిగ్రీలకు ఒక మెగాహెర్ట్జ్ పైన జరగొచ్చు. తయారుచేసినవాళ్ళు ఆ జరుగుడును లెక్కలో వేసుకునే ఉంటారు. దోషం దానిది కాక, పక్కనే ఉన్న చవక కెపాసిటర్‌దో, కరెంటు ఇచ్చే ముక్కదో అయి ఉండవచ్చు. విప్పి కొలవకుండా తేలదని చెప్పాను, అనంతపురం నుంచి మీటరు తెస్తానన్నాను.

ఆయన నా మాట పూర్తిగా వినలేదు. పెట్టెను విప్పి, బోరు పక్కనున్న కానుగ చెట్టు మొదలుకు ఉత్తరం వైపు కట్టి, పైన రెండు మడతల గోనెపట్ట వేశాడు. యాంటెన్నా ఒక్కటి మాత్రం బయటికి తీసి పెట్టాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం రెండింటికి ఇంటి దగ్గర కూర్చుని ఫోన్ చేశాడు. మూడు రింగులయ్యాక 1 నొక్కాడు. మోటారు ఎత్తుకుంది.